ఎద ఇంజక్షన్ ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు దండగ: ఆవులు, గేదెలు ఉన్నవాళ్ళ కోసం

మన వైపు అందరూ ఎద ఇంజక్షన్ అని పిలిచే ప్రోస్టాగ్లాండిన్ మందు ఎదని తెచ్చిపెట్టదు. ఈ ఒక్క ముక్క ముందు బుర్రకెక్కితే సగం డబ్బులు, సగం టెన్షన్ మిగులుతాయి. అది చేసేది ఒకటే పని: అండాశయం మీద ఉన్న ఒక చిన్న గడ్డ చేత ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారీ మాన్పించడం. ఆ హార్మోన్ రక్తంలో తగ్గితే ఎద దాని దారిన అదే వస్తుంది. గడ్డే లేని పశువుకి మాన్పించడానికి ఏమీ ఉండదు కాబట్టి ఎన్ని వేసినా దండగే. చూడితో ఉన్న పశువుకి ఆ గడ్డే కడుపులో దూడని నిలబెడుతోంది కాబట్టి, తెలియక వేస్తే దూడ పోతుంది.

నేను చీపురుపల్లి, రాజాం మధ్య ఊళ్ళు తిరిగి పశువులకి సెమన్ వేస్తుంటాను, డాక్టర్ని కాను. ఈ ఇంజక్షన్ రాయాల్సింది, వేయాల్సింది పశువుల డాక్టరు గారే. కాకపోతే ఆయన వచ్చేలోపు మీరు చూసి పెట్టుకోవాల్సినవి, ఆయనకి చెప్పాల్సినవి, వేశాక కాపలా కాయాల్సినవి చాలా ఉన్నాయి. పొద్దున్నే ఫోన్ మోగుతుంది, "ఏటి బావూ, సూదేసి వారం అయిపోనాది, గేదె ఉలకదు పలకదు, మందు నకిలీదేటి?" అని. చాలాసార్లు మందు మంచిదే, వేసిన రోజే సరైంది కాదు. ఏ రోజు సరైంది, ఏది కాదు అన్నది బట్టీ పడితే గుర్తుండదు, లోపల జరిగేది అర్థమైతే మర్చిపోరు. అందుకని ముందు కాస్త లోపలికి వెళ్దాం, ఓపిక పట్టండి.

ఆ గడ్డ ఏంటి, హార్మోన్ ఎలా చేస్తుంది

ఆవుకైనా గేదెకైనా ఎదకీ ఎదకీ మధ్య సుమారు 21 రోజులు. ఎద అయిపోయాక అండం విడుదలవుతుంది, అండం బయటికొచ్చిన చోట మిగిలిన కణాలు నాలుగైదు రోజుల్లో గట్టిపడి ఒక గ్రంథిగా మారతాయి. డాక్టర్లు సీఎల్ అంటారు, పూర్తి పేరు కార్పస్ లూటియం. ఆవులో పసుపు, నారింజ మధ్య రంగులో ఉంటుంది, గేదెలో ఆ పసుపు ఉండదు, బూడిద కలిసిన గులాబీ రంగులో ఉంటుంది, ఎందుకంటే మేతలోని కెరోటిన్‌ని గేదె దాదాపు అంతా విటమిన్ ఏ గా మార్చేసుకుంటుంది (గేదె వెన్న తెల్లగా, ఆవు వెన్న పచ్చగా ఉండేది కూడా ఇందుకే). గేదె సీఎల్ ఇంకా చిన్నది, అండాశయంలోకి కూరుకుపోయి ఉంటుంది, అందుకే చెయ్యి పెట్టి చూసినప్పుడు ఆవులో దొరికినంత తేలిగ్గా దొరకదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

సీఎల్ చేసే ప్రొజెస్టిరాన్ ఒక స్టెరాయిడ్ హార్మోన్. ముడిసరుకు కొలెస్ట్రాల్, అది రక్తంలోంచి వస్తుంది. కొలెస్ట్రాల్‌కి 27 కార్బన్‌లు ఉంటాయి, దాన్ని కోసి 21 కార్బన్‌ల ప్రెగ్నెనోలోన్ చేసే ఎంజైమ్, కణంలో మైటోకాండ్రియా అనే చిన్న భాగం లోపలి పొర మీద కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి ప్రొజెస్టిరాన్ ఇంకొక్క అడుగు దూరం. చిక్కు ఎక్కడంటే, మైటోకాండ్రియాకి బయటి పొర ఒకటి, లోపలి పొర ఒకటి, మధ్యలో అంతా నీళ్ళు, కొలెస్ట్రాల్ చూస్తే నూనె జాతి, నీళ్ళలో కరగదు. వరదొచ్చిన వంశధారకి ఇటు గట్టున ధాన్యం బస్తాలు ఎన్ని పేర్చి ఉన్నా పడవ లేకపోతే అటు గట్టుకి ఒక్కటీ చేరదు, ఇక్కడా అంతే. ఆ పడవ పని చేసే ప్రోటీన్ పేరు స్టార్ (StAR), 1994లో క్లార్క్, స్టాకో అనే శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని ఆ పేరు పెట్టారు. గ్రంథి గంటకి ఎంత హార్మోన్ చేస్తుందన్నది చాలా వరకు ఈ స్టార్ ఎంత ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. కాబట్టి హార్మోన్ పెంచాలన్నా ఆపాలన్నా శరీరం ఎక్కువగా ఇక్కడే చెయ్యి వేస్తుంది.

పెంచే చెయ్యి మెదడు కింద ఉన్న పిట్యూటరీది. అక్కడి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ వచ్చి సీఎల్ కణం పైపొర మీద ఉన్న రిసెప్టర్‌కి (హార్మోన్‌ని పట్టుకునే చోటు) అతుక్కుంటుంది. ఎల్‌హెచ్ కణం లోపలికి పోదు, బయటే ఆగుతుంది, వార్త మాత్రం లోపలికి చేరుతుంది: సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది, దాంతో ప్రోటీన్ కైనేజ్ ఏ మేల్కొంటుంది, నిల్వ ఉన్న కొలెస్ట్రాల్ విడుదలవుతుంది, స్టార్ తయారవుతుంది.

ఇప్పుడు కొవ్వు ఆమ్లాల సంగతి. ప్రతి కణం పైపొరలో అరాకిడోనిక్ ఆమ్లం అని ఒక కొవ్వు ఆమ్లం అల్లుకుని ఉంటుంది, 20 కార్బన్‌లు, నాలుగు డబుల్ బాండ్లు. సిగ్నల్ తగిలినప్పుడు ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ దాన్ని పొరలోంచి తెంపి వదులుతుంది. అలా వదిలిన ఆమ్లానికి ముందు రెండు మూడు దారులు ఉంటాయి. లైపాక్సిజినేజ్ అనే ఎంజైమ్ దారిలో పోతే వచ్చే పదార్థాలు స్టార్ తయారీకి సాయపడతాయి, అంటే ఎల్‌హెచ్ చెప్పిన మాటకే వంత పాడతాయి (ఇది మొదట బాగా తేలింది వృషణాల్లోని లేడిగ్ కణాల మీద చేసిన పనిలో). కాక్స్ అనే ఎంజైమ్ దారిలో పోతే ప్రోస్టాగ్లాండిన్‌లు వస్తాయి. వాటిలో మళ్ళీ ఒకటి ఈ2, అది సీఎల్‌ని కాపాడే వైపు ఉంటుంది. ఇంకోటి ఎఫ్2 ఆల్ఫా, అది సీఎల్‌ని పడగొడుతుంది. తల్లి ఒకటే, పిల్లల బుద్ధులు వేరు! మీరు డబ్బు పెట్టి కొనే ఇంజక్షన్ ఈ ఎఫ్2 ఆల్ఫానే, లేదా దాన్ని పోలి ల్యాబ్‌లో చేసిన క్లోప్రోస్టెనాల్.

ఎఫ్2 ఆల్ఫాకి సీఎల్ కణాల మీద వేరే రిసెప్టర్ ఉంటుంది, ఎఫ్‌పీ రిసెప్టర్ అంటారు, ముఖ్యంగా పెద్ద కణాల మీద బోలెడు ఉంటాయి. అది తగిలితే కణం లోపల కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్ సీ లేస్తుంది, స్టార్ తయారీ పడిపోతుంది, కొలెస్ట్రాల్ అవతలికి చేరడం ఆగిపోతుంది, గ్రంథికి వచ్చే రక్తం కూడా తగ్గుతుంది. ప్రొజెస్టిరాన్ ఒక రోజు లోపలే బాగా కిందికి వస్తుంది. గడ్డ కరిగి మాయం కావడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పడుతుంది. అంటే ముందు పని మానేస్తుంది, తర్వాత చస్తుంది.

గర్భాశయం చెప్పే లెక్క

సూది వేయకపోయినా పశువు ఒంట్లో ప్రతి 21 రోజులకీ జరిగేది ఇదే. ఎద వచ్చిన 16, 17 రోజులకి చూడి కట్టలేదని తేలితే, గర్భాశయం పొర తనే ఎఫ్2 ఆల్ఫాని విడతలు విడతలుగా వదులుతుంది. సీఎల్ దగ్గర ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ ఉంటుంది, అది వెళ్ళి గర్భాశయం మీద రిసెప్టర్లకి తగిలితే ఇంకా ఎఫ్2 ఆల్ఫా వస్తుంది, అది వచ్చి సీఎల్‌ని కొడితే ఇంకా ఆక్సిటోసిన్ పోతుంది. తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటే ఇదే. ఇంకో తమాషా ఉంది. ఎఫ్2 ఆల్ఫా మామూలుగా రక్తంలో కలిసి ఊపిరితిత్తుల మీదుగా పోతే ఒక్క చుట్టులోనే చాలా వరకు నాశనమైపోతుంది. అందుకే ఆవులో, గొర్రెలో గర్భాశయం సిర పక్కనే అండాశయం ధమని మెలికలు తిరిగి అతుక్కుని ఉంటుంది, సిరలోంచి ధమనిలోకి నేరుగా జారిపోయి ఊపిరితిత్తుల దాకా వెళ్ళకుండానే సీఎల్‌ని చేరుతుంది.

గర్భాశయానికీ సీఎల్‌కీ ముడి ఉందని 1923లోనే లియో లోబ్ అనే ఆయన గినీ పందుల్లో గర్భాశయం తీసేసి చూపించారు, తీసేస్తే సీఎల్ కరక్కుండా చాలా కాలం ఉండిపోయింది. ప్రోస్టాగ్లాండిన్ అన్న పేరు 1930లలో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్ పెట్టారు, వీర్యంలో దొరికింది కాబట్టి ప్రోస్టేట్ గ్రంథిదే అనుకుని. 1982లో ప్రోస్టాగ్లాండిన్‌ల మీద పనికి బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్, వేన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. మనుషుల్లో మాత్రం లెక్క వేరు, ఆడవాళ్ళకి గర్భసంచి తీసేసినా సీఎల్ తన టైముకి తను ఆగిపోతుంది, కాబట్టి ఇక్కడ చదివింది తీసుకెళ్ళి ఇంట్లోవాళ్ళకి అంటగట్టకండి.

చూడి కడితే ఈ కథంతా ఎందుకు జరగదు? పిండం 15 నుంచి 17 రోజుల మధ్య ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ని వదులుతుంది. అది గర్భాశయం పొర మీద ఆక్సిటోసిన్ రిసెప్టర్లు పెరగకుండా ఆపుతుంది. రిసెప్టర్లు లేకపోతే ఎఫ్2 ఆల్ఫా విడతలు లేవు, సీఎల్ బతికిపోతుంది, ప్రొజెస్టిరాన్ వస్తూనే ఉంటుంది, పశువు ఎదకి రాదు. దూడ మన కంటికి కనపడని రోజుల్లోనే తను ఉన్నానని తల్లికి చెప్పేసుకుంటుందన్నమాట. బక్కగా ఉన్న పిండం, ఎండదెబ్బ తిన్న పిండం ఈ కబురు సరిగా పంపలేక పోవడం కూడా పశువు తిరగపొర్లడానికి (చూడి నిలవక మళ్ళీ ఎదకి రావడానికి) ఒక కారణం.

ఇక పని: రోజు తేల్చుకోవడం

పోయిన ఎద ఎప్పుడొచ్చిందో గోడ మీద క్యాలెండర్‌లో రాసి ఉంటే మీ పని సగం అయినట్టే. ఎద కనపడిన రోజుని సున్నా అనుకోండి. అక్కడి నుంచి అయిదో రోజు లోపల వేస్తే ఇంజక్షన్ పనిచేయదు. చిత్రమేమిటంటే ఆ లేత గడ్డ మీద కూడా ఎఫ్‌పీ రిసెప్టర్లు ఉంటాయి, మందు వెళ్ళి తగులుతుంది కూడా, కానీ రిసెప్టర్ వెనకాల గడ్డని పడగొట్టే ఏర్పాటు ఇంకా తయారై ఉండదు. ఆరు, ఏడు రోజుల నుంచి 16 దాకా మంచి కాలం, అందులోనూ ఏడు దాటాక వేయించడం నాకు నమ్మకం. 17 దాటితే పశువు తనంతట తనే మందు తయారు చేసుకుంటోంది, రెండు మూడు రోజులు ఆగితే ఎద ఊరికే వస్తుంది, డబ్బులెందుకు తగలేయడం.

తేదీ గుర్తులేదా? పోయిన వారం ఊళ్ళో పెళ్ళికి ముందో తర్వాతో అన్నట్టు ఉంటుంది చాలామంది జవాబు, అది పనికిరాదు. అప్పుడు డాక్టరు గారు చెయ్యి పెట్టి సీఎల్ ఉందో లేదో చూస్తారు. ఆవులో చాలా వరకు తెలుస్తుంది. గేదెలో పైన చెప్పినట్టు గడ్డ లోపలికి కూరుకుని ఉంటుంది కాబట్టి స్కానింగ్ మీద చూస్తే నిక్కచ్చిగా తెలుస్తుంది. గరివిడి పశువైద్య కళాశాల దగ్గరలో ఉన్నవాళ్ళు అక్కడికి తోలుకెళ్ళి చూపించుకోవడం మంచిది, మరీ దూరమైతే ముందు మీ మండలం పశువుల ఆసుపత్రిలో అడగండి.

చాలా పశువులు ఒకేసారి ఉండి ఒక్కదాని తేదీ కూడా తెలియకపోతే 11 రోజుల తేడాతో రెండు ఇంజక్షన్‌లు వేసే పద్ధతి ఉంది. దీని లెక్క సరదాగా ఉంటుంది, చూడండి. మొదటి ఇంజక్షన్ రోజు కొన్ని పశువులు 6 నుంచి 16 మధ్య ఉంటాయి, వాటి సీఎల్ పడిపోయి కొద్ది రోజుల్లో ఎద వస్తుంది, 11వ రోజుకి వాటికి కొత్త సీఎల్ ఆరేడు రోజుల వయసుకి వచ్చి ఉంటుంది. సున్నా నుంచి అయిదు మధ్య ఉన్నవి మొదటి దానికి పలకవు, కానీ 11 రోజులు కలిపితే అవి 11 నుంచి 16 మధ్యకి వస్తాయి. 17 దాటినవి తమంతట తామే ఎదకొచ్చేసి అవీ కొత్త సీఎల్‌తో ఉంటాయి. అంటే రెండో ఇంజక్షన్ రోజుకి తిరిగే పశువులన్నీ పలికే కాలంలో ఉంటాయి. తిరిగేవి అంటే మామూలుగా ఎదకొచ్చే ఆరోగ్యమైన పశువులు అని అర్థం, ఎండిపోయి అండాశయం పడుకుండిపోయిన వాటికి ఈ లెక్క వర్తించదు.

చూడి లేదని తేల్చుకోకుండా వేయించొద్దు

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మా పక్క ఊళ్ళో ఒకాయన నారాయణవలస సంతలో జెర్సీ సంకర ఆవుని కొన్నాడు. అమ్మినవాడు వట్టిదే అన్నాడు, ఈయన నమ్మాడు. ఎదకి రావడం లేదని మందుల షాపులో అడిగి తెచ్చి ఎవరి చేతో వేయించాడు. మూడో రోజు పొద్దున సాలలో గడ్డి మీద అరచెయ్యంత పిండం పడి ఉంది, కాళ్ళు, గిట్టలు ఏర్పడి ఉన్నాయి, ఆవు దాన్ని నాకుతూ నిలబడింది. ఎదకి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. ఆవులో కనీసం అయిదు నెలల దాకా చూడి నిలబడేది ఆ సీఎల్ మీదే, ఇంజక్షన్ దాన్ని పడగొడితే గర్భం నిలవదు. గేదెలోనూ అంతే జాగ్రత్త.

చెయ్యి పెట్టి చూసే చూడి పరీక్ష అలవాటున్నవాళ్ళకి 45 నుంచి 60 రోజులకి తెలుస్తుంది, స్కానింగ్‌లో నెలకే తెలుస్తుంది. ఆ లోపల అయితే తేలదు. పోయిన రెండు నెలల్లో దున్న దాటిందా, సెమన్ వేయించారా, మందలో మేతకి వెళ్ళి కోడె పక్కన తిరిగిందా, ఇవన్నీ డాక్టరు గారికి దాచకుండా చెప్పండి. సంతలో కొన్న పశువైతే అమ్మినవాడి మాట కాదు, పరీక్షే ప్రమాణం.

ఇంకో రకం పశువు ఉంది, చూడి ఉండదు, ఎదకీ రాదు, చెయ్యి పెడితే సీఎల్ గట్టిగా తగులుతుంది, పడుకున్నప్పుడు వెనక నుంచి చీము కారుతుంది. ఈనినప్పుడు మాయ పడకుండా ఉండిపోయి గర్భాశయం చెడిన వాటిలో ఇది ఎక్కువ. గర్భాశయం పొర చీముతో పాడైపోతే అది ఎఫ్2 ఆల్ఫా సరిగా వదల్లేదు, వదలకపోతే సీఎల్ పోదు, సీఎల్ పోకపోతే గర్భాశయం ముఖం సరిగా తెరుచుకోదు, చీము పూర్తిగా బయటికి రాదు. ఇలాంటి దానికి ఈ ఇంజక్షన్ నిజంగా అమృతం, సీఎల్ పడిపోతుంది, గర్భాశయం ముడుచుకుని చీముని నెట్టేస్తుంది. ఆ ఎదలో మాత్రం సెమన్ వేయించకండి, శుభ్రపడనివ్వండి.

వేసేటప్పుడు

డినోప్రోస్ట్ (ఎఫ్2 ఆల్ఫాకే మందు పేరు) అయితే పెద్ద పశువుకి 25 మిల్లీగ్రాములు, క్లోప్రోస్టెనాల్ అయితే 500 మైక్రోగ్రాములు, కండకి వేస్తారు. మోతాదు ఎంత తేడాగా ఉందో చూశారుగా, ఒకదాని లెక్క ఇంకోదానికి వేయకూడదు, ఎక్కువ వేస్తే ఎక్కువ ఎద వస్తుందన్న మాట వట్టిది. రిసెప్టర్లు నిండాక మిగిలింది వృథా, పైగా పశువుకి చెమటలు, చొంగ, విరేచనాలు. కొత్త సూది వాడండి, వేసే చోట పేడ, బురద తుడిచి వేయండి, ఇలాంటి ఇంజక్షన్ పడిన చోట కండ కుళ్ళిపోయే ఇన్‌ఫెక్షన్ రావచ్చని మందు కాగితం మీదే రాసి ఉంటుంది.

మనుషుల జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఈ మందు చర్మంలోంచి లోపలికి పోతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, కడుపుతో ఉన్నారేమో అనుమానం ఉన్నవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు సీసా ముట్టకూడదు, పశువుని పట్టుకోవడానికి కూడా వాళ్ళని పిలవకండి. మన ఇళ్ళల్లో సాల పని ఎక్కువగా ఆడవాళ్ళదే, ఇంజక్షన్ సీసాని గోడ గూట్లో పసుపు, కుంకుమ పక్కన పెట్టిన ఇల్లు నేను చూశాను, కోడలు అయిదో నెల. చేతి మీద ఒలికితే అప్పటికప్పుడు సబ్బుతో, నీళ్ళతో కడగాలి. చేతిలో గుచ్చుకుంటే ఆసుపత్రికి వెళ్ళి ఏ మందో చెప్పాలి. ఖాళీ సీసాని చెత్త కుప్పలో పిల్లలకి దొరికేలా పారేయొద్దు.

వేశాక ఎదురుచూడటం

ఎద 2 నుంచి 5 రోజుల్లో వస్తుంది. ఈ తేడా ఎందుకంటే ఇంజక్షన్ అడ్డుగా ఉన్న ప్రొజెస్టిరాన్‌ని తీసేస్తుందే తప్ప అండాన్ని పెంచదు. ఆ రోజుకి అండాశయం మీద అండం ఉండే పెద్ద నీటి బుడగ సిద్ధంగా ఉంటే రెండు మూడు రోజుల్లో, లేతది ఉంటే అది పెరిగే దాకా, నాలుగైదు రోజులకి వస్తుంది. కాబట్టి మూడో రోజుకి రాలేదని తిట్టుకోకండి.

ఆవు అయితే అరుస్తుంది, పక్క దాని మీద ఎక్కుతుంది, ఎవరైనా ఎక్కితే కదలకుండా నిలబడుతుంది, పాలు తగ్గిస్తుంది. గేదెది మూగ ఎద, అక్కడే మనవాళ్ళు దెబ్బతింటారు. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, టార్చ్ పట్టుకుని వెళ్ళి చూడండి. తోక కాస్త పక్కకి పెట్టి ఉంటుంది, మూత్రం కొంచెం కొంచెం చాలాసార్లు పోస్తుంది, మానం ఉబ్బి మడతలు పోయి నున్నగా ఉంటుంది. పడుకున్న చోట గచ్చు మీద గుడ్డు తెల్లసొనలాంటి తీగలు తడిగా మెరుస్తూ కనపడతాయి, వేళ్ళ మధ్య పట్టి లాగితే తెగకుండా సాగుతాయి. ఆరిపోతే కనపడవు, పేడ ఎత్తేసి కడిగేస్తే అసలే కనపడవు, అందుకే ఆ అయిదు రోజులూ సాల కడిగే ముందు చూడటం అలవాటు చేసుకోండి. తీగలు తేటగా ఉంటే సరే, చీము చారలు ఉంటే సెమన్ వద్దు, డాక్టరుకి చూపించండి.

పొద్దున ఎద కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున సెమన్. ఎద మొదలవగానే నాకు ఫోన్ చేసి "రా రా" అని కంగారు పెట్టేవాళ్ళే ఎక్కువ, అండం విడుదలయ్యేది ఎద ముగిసిన 10, 12 గంటలకి, మరీ ముందు వేస్తే వీర్యకణాలు ఎదురుచూసి చూసి సగం పోతాయి. ఎద కనిపెట్టడం కుదరని ఇళ్ళలో, పైన చెప్పిన 11 రోజుల పద్ధతిలో రెండో ఇంజక్షన్ తర్వాత 72, 96 గంటలకి రెండుసార్లు సెమన్ వేసే పద్ధతి ఉంది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఓవ్‌సింక్ అని ఉంది: మొదటి రోజు జీఎన్ఆర్‌హెచ్ (పిట్యూటరీ చేత ఎల్‌హెచ్ వదిలించే హార్మోన్), ఏడు రోజులకి ప్రోస్టాగ్లాండిన్, తర్వాత రెండు రోజులకి మళ్ళీ జీఎన్ఆర్‌హెచ్, మర్నాడు సెమన్. ఇది 1995లో అమెరికాలో పాడి ఆవుల మీద బయటికొచ్చిన పద్ధతి, మూగ ఎద గేదెలకి మన దేశంలో డాక్టర్లు బాగానే వాడుతున్నారు. ఖర్చు ఎక్కువ.

రాకపోతే

అయిదు రోజులు దాటినా ఏమీ లేకపోతే రెండే మాటలు. సీఎల్ ఉండే కాలంలో వేయలేదు, లేదా అసలు ఆ పశువు తిరగడం లేదు. మొదటిదైతే 11వ రోజున రెండో ఇంజక్షన్. రెండోదైతే మళ్ళీ మళ్ళీ అదే ఇంజక్షన్ వేయించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒట్టి వరిగడ్డి, కుడితి మీద ఉన్న గేదె, ఈని మూడు నెలలై పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆవు, దాని పిట్యూటరీ ఎల్‌హెచ్ విడతలే సరిగా పంపదు, అండం పెరగదు, సీఎల్ ఏర్పడదు. దానికి కావాల్సింది మేత. పచ్చి మేత, దాణా, రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, నట్టల మందు. గేదెలకైతే వేసవిలో నీడ, చెరువు, ఒంటి మీద నీళ్ళు. మన దగ్గర గేదెలు వర్షాలు తగ్గాక, చలికాలంలోనే బాగా ఎదకొస్తాయి, మే నెలలో పట్టుబట్టి ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

కొవ్వు ఆమ్లాలే కదా అసలు కథ, నూనె పోస్తే సరిపోదా అని ఒక కుర్రాడు అడిగాడు, మంచి ప్రశ్నే. అరాకిడోనిక్ ఆమ్లం మేతలోని లినోలిక్ ఆమ్లం నుంచి ఒంట్లో తయారవుతుంది, నిజమే. కానీ పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు మేతలో కొవ్వు రూపం చాలా వరకు మార్చేస్తాయి, నూనె ఎక్కువైతే పీచు అరగడం కూడా దెబ్బతింటుంది. అవిసె గింజల్లో, చేప నూనెలో ఉండే ఒమేగా 3 కొవ్వులు కాక్స్ ఎంజైమ్ దగ్గర అరాకిడోనిక్ ఆమ్లానికి పోటీ వచ్చి ఎఫ్2 ఆల్ఫాని తగ్గిస్తాయి, దాన్ని వాడుకుని పిండాన్ని నిలబెట్టాలని పాడి ఆవుల మీద పరిశోధనలు జరిగాయి. పాలిచ్చే పశువుకి బైపాస్ ఫ్యాట్ (పెద్ద పొట్టలో మారకుండా దాటిపోయే కొవ్వు) పనికొస్తుంది, అది ప్రధానంగా ఒంటి శక్తి కోసం. సీసాలో నూనె తెచ్చి గొంతులో పోయడం మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిన పశువులు ఉన్నాయి.

సెమన్ వేయించాక 18 నుంచి 24 రోజుల మధ్య మళ్ళీ తెల్లవారుజామున టార్చ్ పట్టుకుని చూడండి. ఎద రాకపోతే చూడి అని ఊరంతా చెప్పేయకండి, గేదె మూగ ఎదకి వచ్చి పోయి ఉండొచ్చు. రెండు నెలలకి పరీక్ష చేయించండి. ఆ పరీక్ష అయ్యేదాకా ఎవరు చెప్పినా ఆ పశువు దగ్గరికి ప్రోస్టాగ్లాండిన్ సీసా రానివ్వొద్దు. ఆసుపత్రి దూరమై పశువు నడవలేని స్థితిలో ఉంటే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం ఊళ్ళోకే వస్తుంది. వాళ్ళు రాగానే ముందు చూపించాల్సింది మీ క్యాలెండర్‌లో రాసుకున్న తేదీలు, ఈనిన తేదీ, ఎద తేదీ, సెమన్ తేదీ, ఇంజక్షన్ వేసిన తేదీ, వేసిన మందు పేరు.